వెతికి చేపట్టిన మతం

పెద్దయ్యాక మతం వెతుక్కునేవాళ్లను చూసి మనవాళ్లు నవ్వుతారు. సంతలో వంకాయలు ఏరినట్టు దేవుణ్ణి ఏరుకుంటారా అని అడుగుతారు. ఆ ఏరడంలోనే మతం మీద గౌరవం ఎక్కువని నా వాదన. అందుకు అంబేడ్కరే సాక్ష్యం. హిందువుగా పుట్టినా హిందువుగా చావనని 1935లో యేవలాలో ప్రకటించారు. బౌద్ధం తీసుకున్నది 1956 అక్టోబరు 14న, నాగపూర్‌లో. మధ్యలో 21 ఏళ్లు! సిక్కు మతాన్ని గట్టిగానే పరిశీలించారు. 1950లో రాసిన వ్యాసంలో తన కొలతలు చెప్పారు: మతం బుద్ధికి నిలవాలి, స్వేచ్ఛ, సమానత్వం, సౌభ్రాతృత్వాలను ఒప్పుకోవాలి, పేదరికాన్ని పవిత్రం చేయకూడదు. పుట్టుకతో వచ్చిన మతాన్ని మనలో ఎంతమందిమి ఇలా నిలదీశాం?

అంబేడ్కర్ మతం మారడం రాజకీయమే తప్ప విశ్వాసం కాదని కొందరంటారు. రాజకీయం ఉంది, కాదనను. మతం పేరుతో అంటరానితనం సాగినప్పుడు ఆ మతాన్ని వదలడం రాజకీయం కాకుండా ఎలా ఉంటుంది? కానీ బౌద్ధం తీసుకున్న రోజు ఆయన జనం చేత చేయించిన 22 ప్రతిజ్ఞలు చూడండి. పాత దేవుళ్లను కాదనడంతో అవి ఆగలేదు. దొంగతనం చేయను, అబద్ధమాడను, మద్యం ముట్టను అన్నవీ ఉన్నాయి. రాజకీయం కోసమే అయితే తాగుడు మానమని అడగాల్సిన పనేముంది? విశ్వాసాన్ని పరీక్షకు పెట్టకూడదన్నది మరో అభ్యంతరం. పరంపరగా వస్తోందనో, గురువు చెప్పాడనో నమ్మవద్దని, మేలు చేస్తుందని మీకే తెలిశాక ఆచరించమని కాలాములనే ప్రజలకు చెప్పినవాడు బుద్ధుడే. అంబేడ్కర్ 65 ఏళ్ల వయసులో చేసింది అదే.