పులస ఋణము

ఒకరికి మేలు చేయుటలో వేఱొకరికి కీడు జరిగినచో, ఆ మేలు ననుభవించువారికి ఆ కీడుతో సంబంధము కలదా? గోదావరి డెల్టాలో అన్నము తినువారందఱకు నీ ప్రశ్న ప్రతిదినము విస్తరిలోనే యున్నది.

సముద్రమున విలస యను పేర బ్రదుకు చేప, వఱదల యెఱ్ఱనీరు కడలిని చేరగనే నదిలోనికి ఎదురీది వచ్చును. తీపినీట గ్రుడ్లు పెట్టుట దాని ధర్మము. నదిలోనికి వచ్చిన పిమ్మట దానిని పులస యందుము. ఆర్థరు కాటను దొర 1847 లో మొదలిడి 1852 నాటికి ధవళేశ్వరమున ఆనకట్ట కట్టించెను. దాని స్థానమున బరాజి 1982 నాటికి పూర్తియైనది. గౌతమినుండి వచ్చినను, మా ప్రక్కనున్న వసిష్ఠనుండి వచ్చినను, చేపకు అక్కడ అడ్డు తగులును. తలుపులెత్తిన వఱదదినములలో తప్ప త్రోవ దొరకుట దుర్లభము.

ఆనకట్ట కట్టుట తప్పని మేమనము. 1833 నాటి కరవువంటి కష్టములు పడిన ఈ సీమ, కాలువలు పాఱినందుననే ధాన్యాగారమైనది. కాని పని మంచిదైనంతమాత్రమున ఋణము మిగులదనుట న్యాయము కాదు.

మా పెనుగొండ వాసవీ కన్యకాపరమేశ్వరి క్షేత్రము. చేపను ముట్టని కుటుంబము లిక్కడ ననేకములు. తాము తినరు గనుక తమకీ దోషము లేదని వారనవచ్చును. కాని వారి వరియన్నమును ఆ కాలువనీటి పంటయే గదా! చేపను తినినవాడు చేపకు ఋణపడును. అన్నము తినినవాడు దాని త్రోవకు ఋణపడును. గృహస్థునకు విధించిన భూతయజ్ఞమున ప్రాణులకు పిడికెడు మెదుకులు పెట్టుదుము. త్రోవ కోలుపోయిన ప్రాణికి మెదుకులేల? త్రోవయే ఈయవలెను.

తినువారి సంగతియు విచారింపదగినదే. పుస్తెలమ్మియైనను పులస తినవలెనను సామెత మనలో నున్నది. ఆ పుస్తెలెవరివి? మగవాని నాలుకకై ఆడుదాని మెడ బోసిపోవుటను వేడుకగా చెప్పుకొను సంఘము, కడుపున గ్రుడ్లతో నెదురీదు చేపపై జాలి చూపునని యెట్లు నమ్మవచ్చును? చేప అరుదైనకొలది వెల పెరుగును. వెల పెరిగినకొలది వలలు పెరుగును. ప్రియమైన వస్తువెల్ల ప్రేమింపబడినదని భ్రమపడరాదు.

పరిహారము లేకపోలేదు. అమెరికాలో కెన్నెబెక్కు నదిమీది ఎడ్వర్డ్సు ఆనకట్టను 1999 లో తొలగింపగా, స్టర్జను మొదలైన వలసచేపలు మరల ఎగువకు పోగలిగినవి. మనము ధవళేశ్వరమును తొలగింపలేము, తొలగింపరాదు. గంగలో 1975 నాటి ఫరక్కా బరాజి తరువాత, అక్కడ హిల్సా యనబడు ఈ చేపయే ఎగువకు పోవుట తగ్గగా, కేంద్ర మత్స్యపరిశోధన సంస్థవారు చేపలకు గుర్తులు కట్టి బరాజికి ఎగువన విడిచిరి. అట్టి యత్నము గోదావరికిని తగినదే.

తూర్పుతీరమున సముద్రవేటకు ఏప్రిలు 15 మొదలు జూను 14 వఱకు నిషేధము కలదు; అందుకై జాలరికుటుంబములకు ప్రభుత్వము భృతి నిచ్చుచున్నది. పులస నదిలోనికి వచ్చునది ఆ పిమ్మటనే. ఆ వఱదకాలమున కొన్నివారములైనను నదివేట నాపి, జాలరికి అట్టి భృతియే యిచ్చుట ధర్మము. బీదవాని యాకలితో మనము పుణ్యము కట్టుకొనరాదు. ఆ వ్యయము కాలువనీరు త్రాగిన పంటపై పడుట యుక్తము.

అన్నమును కన్నుల కద్దుకొనువారు, ఆ నీరెవరి దారి నడ్డగించి వచ్చినదో పిల్లలకు చెప్పవలెను. ఋణమున్నదని యెఱిగిననాడే గదా తీర్చుట యారంభమగును.