గెలిచానా, గెలిపించారా

రెసిడెంట్ ఈవిల్ 4 పూర్తిచేసిన చాలా ఏళ్ళకు తెలిసింది, ఆ ఆట నన్ను చూసి తగ్గిందని. 2005లో వచ్చిన వీడియో ఆట. మొదట్లోనే ఒక పల్లెటూరు వస్తుంది. ఊరు ఊరంతా కొడవళ్ళూ గొడ్డళ్ళూ పట్టుకుని మీదపడుతుంది, మధ్యలో గోనెసంచి ముసుగువాడు రంపం తిప్పుకుంటూ వస్తాడు. అక్కడ నేను పడ్డ పాట్లు చెప్పుకుంటే నామర్దా. ఆఖరికి దాటినప్పుడు నా చేయి కుదిరిందనుకున్నాను. కుదిరిన మాటా నిజమే కావచ్చు. కానీ తెర వెనక ఇంకో లెక్క నడుస్తోందట. మనం చస్తూ ఉంటే శత్రువుల దెబ్బకు పదును తగ్గుతుంది, కొన్నిచోట్ల వాళ్ళ సంఖ్యే తగ్గుతుంది. బాగా ఆడుతుంటే మళ్ళీ పెరుగుతుంది. ఈ సంగతి ఆటలో ఎక్కడా చెప్పరు.

అప్పట్నుంచీ ఒకటే పీకులాట. ఆ ఊరు నేను దాటానా, దాటించారా?

ఆటే కదా అనేవాళ్ళతో నాకు పేచీ లేదు. పేచీ అంతా కష్టపడితే దక్కుతుంది అనేవాళ్ళతోనే. బెజవాడలో ఈ మాట తప్పించుకుని తిరగలేం. గోడల మీద, బస్సుల వెనక, కాలేజీ ఫ్లెక్సీల మీద ర్యాంకుల ఫొటోల కింద అదే. ఆ మాటలో ఒక దొంగ లెక్క ఉంది. కష్టపడ్డవాణ్ణి చూపిస్తుంది గానీ కష్టం ఎంతుండాలో ఎవరు పెట్టారని అడగనివ్వదు. పరీక్ష పేపరు తయారుచేసేవాడు కూడా ఒక మనిషేనని, వాడికీ ఇన్ని సీట్లకు ఇంతమందిని వడకట్టాలనే పని ఉంటుందని ఆ ఫ్లెక్సీ చెప్పదు.

ఆటగాళ్ళలోనూ ఇదే భక్తి. 2019లో వచ్చిన సెకిరోలో ఈజీ మోడ్ లేదు. లేకపోవడమే దాని గొప్ప అంటారు. పూర్తిచేసినవాళ్ళు ఆ సంగతిని తిరుమల కొండ మోకాళ్ళతో ఎక్కినట్టు చెప్పుకుంటారు. కానీ అందులో ప్రతి బాసుకూ ఎంత ప్రాణముండాలో, కత్తి విసిరే ముందు ఎంతసేపు ఆగాలో ఎవరో కూర్చుని, ఆడి చూసి, మార్చి, మళ్ళీ ఆడి, మనిషి చేతికి అందేంత దూరంలోనే పెట్టారు. ఎవడూ గెలవలేని ఆట చేయడం ఏమంత పని, రెండంకెలు మారిస్తే సరి. సెకిరో చేసినవాళ్ళు కూడా మనల్ని గెలిపించాలనే కూర్చున్నారు. కాకపోతే అందరికీ ఒకటే కొలత పెట్టారు. అయితే నాకు గుచ్చుకుంటున్నది గెలిపించడం కాదా? నా ఒక్కడికి విడిగా తగ్గించడమా?

ఇక్కడికొచ్చేసరికి గాంధీనగర్ వీడియోగేముల షాపు అడ్డం పడుతుంది.

తొంభైల చివర్లో సినిమాహాళ్ళ వెనక సందులో ఉండేది. నాలుగు పెట్టెలు, ఒక టేబుల్ ఫ్యాను, కిళ్ళీ మరకల గోడ. జనమంతా ముస్తఫా ముందే. ఆ ఆట అసలు పేరు కాడిలాక్స్ అండ్ డైనోసార్స్ అనీ, ముస్తఫా అందులో నలుగురు వీరుల్లో ఒకడు మాత్రమేననీ మాలో చాలామందికి పెద్దయ్యాకే తెలిసింది. నాకు ఇష్టం మూలన ఉన్న స్ట్రీట్ ఫైటర్ 2. జత దొరక్కపోతే మిషనుతోనే ఆడేవాణ్ణి. ఒక మధ్యాహ్నం దాని కర్ర బిగుసుకుపోయింది. షాపు అన్న పెట్టె తాళం తీసి వెనక తలుపు ఊడదీశాడు. టార్చి నేను పట్టుకున్నాను. లోపల దుమ్ము, వైర్లు, ఒక ఆకుపచ్చ బోర్డు. దాని మీద ఒకచోట బియ్యపుగింజలంత తెల్లటి మీటలు వరసగా ఉన్నాయి.

“ఏందన్నా ఇవి?”

“కష్టం,” అన్నాడు.

స్క్రూడ్రైవర్ కొసతో చూపించాడు. మూడు మీటలు. ఒక్కోదాన్ని అటో ఇటో నొక్కితే మొత్తం ఎనిమిది మెట్లు. అడుగు మెట్టులో పసివాడు కూడా నలుగురైదుగుర్ని కొట్టేస్తాడు. పై మెట్టులో మిషను మన వేలు కదిలేలోపే తిరగబడుతుంది. “పండగలకి పైకి పెడతా,” అన్నాడు. సంక్రాంతికి గుడివాడ నుంచీ అవనిగడ్డ నుంచీ చుట్టాల పిల్లలు దిగుతారు. జేబుల్లో పండగ డబ్బులుంటాయి, షాపు బయటిదాకా వరస ఉంటుంది. ఒక్కొక్కడూ త్వరగా చచ్చి దిగితే తర్వాతివాడి కాయిన్ పడుతుంది. పరీక్షల రోజుల్లో షాపు ఖాళీ, అప్పుడు కిందికి పెడతాడు. ఒక్క కాయిన్‌తో ఒకడు గంట నిలబడినా నష్టం లేదు. లోపల ఎవడో ఆడుతున్న చప్పుడు వినబడితేనే దారినపోయేవాడు తొంగిచూస్తాడు. ఆటల తయారీ గురించి ఆ తర్వాత నేను చదివిన పుస్తకాల్లో ఇంతకంటే తేటగా చెప్పినవి తక్కువ.

“అన్నా, నేను ఆఖరి బైసన్‌ని కొట్టిన రోజు ఎక్కడ పెట్టావు?”

ఆయన కర్రలో నూనె పోస్తూ, తల తిప్పకుండానే అన్నాడు. “గుర్తులేదురా. నువ్వు బాగానే ఆడతావులే.”

ఆ ‘బాగానే ఆడతావులే’ని ఇప్పటికీ అటూ ఇటూ తిప్పి చూస్తుంటాను. వింతేమిటంటే ఆరోజు నాకేమీ గుచ్చుకోలేదు. మర్నాడు మళ్ళీ వెళ్ళాను, అదే పెట్టె ముందు నిలబడ్డాను. అన్న డబ్బు కోసం మీటలు మార్చాడు, అది తెలిసీ క్షమించేశాను. రెసిడెంట్ ఈవిల్ చేసినవాళ్ళకు నేను గెలిస్తే ఒక్క పైసా అదనంగా రాదు. డిస్కు డబ్బులు ఎప్పుడో ఇచ్చేశాం. నేను విసిగి వదిలేయకుండా ఉండాలని తగ్గించారు, అంతే. మరి ఆశపోతుతనాన్ని నవ్వుతూ మింగి, దయ దగ్గర ఎందుకు పొలమారుతోంది? అన్న ముఖం కనబడేది, వీళ్ళ ముఖాలు కనబడవు అని కొన్నాళ్ళు సర్దిచెప్పుకున్నాను. ముఖం కనబడితే మీట మారడం న్యాయమైపోతుందా? ఆ జవాబు నిలవలేదు.

పేకాట దగ్గరికొస్తే ఈ చిక్కు ఆటలా ఉండదు. ముక్కల్లో కరిగిన పొలాల కథ వినని ఇల్లు డెల్టాలో అరుదు. 1967లో సుప్రీంకోర్టు సికింద్రాబాదు క్లబ్బు ఒకదాని కేసులో రమ్మీ ప్రధానంగా నైపుణ్యం ఆటేనంది. పడ్డ ముక్కలు గుర్తుండాలి, ఏది ఉంచాలో ఏది వదలాలో తెలియాలి కదా అని. ఆ ఒక్క మాట నీడన క్లబ్బులు బతికాయి, తర్వాత ఫోన్లలోని రమ్మీలూ బతికాయి. ఆంధ్రప్రదేశ్ 2020లో ఆన్‌లైన్ రమ్మీని నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం నైపుణ్యమా అదృష్టమా అన్న తేడానే పక్కనపెట్టి, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ వద్దంది. ఇన్నేళ్ళూ ఆడేవాడి తెలివి ఎంత అని తూచారు. ఆట నడిపేవాడి చేతిలో ఏముందని అడగడమే తక్కువ. క్లబ్బులో ముక్కలు కలిపేవాడు ఎదురుగా కూర్చుంటాడు, అనుమానం వస్తే కట్ చేయమంటాం. తెర మీద ఆ వీలు లేదు.

2017లో యాక్టివిజన్ అనే కంపెనీకి అమెరికాలో ఒక పేటెంటు దక్కింది. ఆన్‌లైన్ ఆటలో ఎవరిని ఎవరితో ఆడిస్తే లోపలి సరుకులు కొనాలనిపిస్తుందో చూసి జతలు కలిపే పద్ధతి అది. ఏ ఆటలోనూ వాడలేదని కంపెనీ చెప్పింది. సరే. కానీ షాపు అన్న మీట పైకి నొక్కితే ఆ పెట్టె ముందుకొచ్చిన ప్రతివాడికీ పెరిగేది. ఇక్కడ నా మీట వేరు, నా పక్కవాడి మీట వేరు. నాది ఎక్కడుందో నాకే తెలియదు. తప్పు అక్కడుందని ఖాయం చేద్దామనుకుంటే రెసిడెంట్ ఈవిల్ చేసిందీ సరిగ్గా అదే. అదే పనిముట్టు ఒకచోట అన్నం పెడుతోంది, ఒకచోట గాలం వేస్తోంది. ఆడుతున్నప్పుడు రెండూ ఒకేలా ఉంటాయి.

పంతం పట్టి రెసిడెంట్ ఈవిల్ 4ని ప్రొఫెషనల్ మోడ్‌లో ఆడాను. ఆట ఒకసారి పూర్తిచేస్తే అది తెరుచుకుంటుంది. అందులో హెచ్చుతగ్గులుండవు, కష్టాన్ని పైమెట్టు మీద బిగించేస్తారు. ఎంత చచ్చినా ఆ ఊరు అట్టాగే ఉంది. నేను కోరింది ఇదే కదా, ఎవరి దయా లేని ఆట! తీరా చూస్తే సంతోషం లేదు. కోపమూ రాలేదు. పిలవని పేరంటానికి వెళ్ళినట్టు ఏదోలా అనిపించింది. మొదటిసారి ఆడినప్పుడు నా తంటాలను ఎవరో గమనించారు. మనిషి కాకపోవచ్చు, కానీ ఎక్కడో ఒక ఆఫీసులో ఒక మనిషి నాలాంటివాడు వస్తాడని ముందే ఊహించి రాసిపెట్టిన లెక్క అది. ఇప్పుడు నేనెలా ఆడినా దానికి పట్టదు. నార్మల్‌కి మార్చేసుకున్నాను.

మొన్న వేసవిలో గుడివాడ వెళ్తే మా అక్క కొడుకు ఫోన్లో ఆడే తుపాకుల ఆట బీజీఎంఐలో ఆఖరివాడిగా మిగిలి ఇల్లెగిరిపోయేలా అరిచాడు. ఫోను పట్టుకుని అందరికీ చూపిస్తున్నాడు. కొత్తవాళ్ళ ఆటల్లో ఎదురుపడేవాళ్ళు చాలావరకు మనుషులు కారని నాకు తెలుసు. కంప్యూటర్ నడిపే బొమ్మలవి, బాట్లంటారు, ఎదురుగా నిలబడి ఎటో కాలుస్తుంటాయి. చెప్పాలా వద్దా అని నేను నలుగుతుంటే వాడే అన్నాడు.

“పన్నెండు మందిని లేపేశా మావయ్యా. తొమ్మిది బాట్లే అనుకో.”

“నీకు తెలుసా?”

“అందరికీ తెలుసు. కొత్తల్లో అట్టాగే ఇస్తారు.”

“మరి ఆ అరుపేందిరా?”

“మిగతా ముగ్గురో?”

ఆ ముగ్గురూ మనుషులేనని ఎట్టా తెలుసురా అని అడగబోయి, మానేశాను.