గుడి రేవులో చేపకు అభయం

పశ్చిమ కనుమల నదుల్లో కొన్ని గుడి రేవుల దగ్గర చేపలను ఎవరూ పట్టరు. శృంగేరిలో తుంగ ఒడ్డున, దక్షిణ కన్నడ జిల్లా శిశిలలో కపిల నది మడుగులో మహసీర్ చేపలు భక్తులు వేసే మేత కోసం మెట్ల దాకా గుంపులుగా వస్తాయి. అవి దేవుడి చేపలు. 1996లో శిశిల దగ్గర నీళ్లలో ఎవరో విషం కలిపినప్పుడు చచ్చిన చేపలకు అక్కడివారు స్మారకం కట్టుకున్నారు. ఇంత భక్తి ఉన్నచోట కూడా ఒక ధర్మసందేహం మిగిలే ఉంది: ఆ అభయం రేవులోని చేపకా, దాని జాతికా?

అహింసాధర్మం ప్రాణిని చూస్తుంది. బాధా చావూ ఒక్కో జీవికి విడివిడిగా కలిగేవి గనుక పాపపుణ్యాల విచారణ జీవుడి దగ్గరే ఆగుతుంది. జాతికి ఆత్మ లేదు, మరుజన్మ లేదు. ఎవరూ గాలం వేయకపోయినా ఒక జాతి నశించవచ్చు.

కావేరిలోని మూపురపు మహసీర్ కథ అలాంటిదే. 1946లో కావేరి ఉపనది కబినిలో పట్టిన ఒక చేప దాదాపు 54 కిలోలు తూగింది. ఆ జాతిని 2018లో అంతర్జాతీయ ఎర్ర జాబితా అత్యంత ప్రమాదస్థితిలో చేర్చింది. ఆనకట్టలు, ఇసుక తవ్వకం, మందుగుండుతో వేట ఇందుకు కొంత కారణం. అంతకన్నా కలచివేసే కారణం మరొకటుంది. మహసీర్లను కాపాడాలనే సంకల్పంతోనే లోనావాలాలోని చేపల పెంపక కేంద్రంలో పొదిగించిన నీలిరెక్కల మహసీర్ పిల్లలను 1970ల నుంచి కావేరిలో విడిచారు. అవి విస్తరించాయి, ఆ నదికే చెందిన చేప తగ్గిపోయింది. విడిచినవారు ప్రతి పిల్లకూ మేలే తలచారు. కరుణకు లోటు లేదు. ఏ నీరు ఏ సంతతిదో చూసే వివేకమే కొరవడింది.

భాగవతం అష్టమ స్కంధంలోని మత్స్యావతార కథ ఈ సందేహానికి దారి చూపుతుంది. కృతమాలా నదిలో తర్పణం విడుస్తున్న సత్యవ్రత మహారాజు దోసిట్లోకి చేపపిల్ల వస్తుంది. పెద్ద చేపల బారి నుంచి కాపాడమంటుంది. రాజు కమండలంలో ఉంచితే చాలదు, మరింత పెద్ద పాత్రా చాలదు, చెరువూ చాలదు; చివరకు సముద్రం దాకా తీసుకుపోవలసి వస్తుంది. సంప్రదాయం దీన్ని భగవంతుడి మహిమగా చదువుతుంది, అది సరైనదే. అయితే రాజు నెరవేర్చిన ధర్మం కూడా అందులో స్పష్టంగా ఉంది. చంపకుండా ఉండటంతో ఆయన పని తీరలేదు. చేప ఎదిగేకొద్దీ దానికి సరిపడే నీటిని వెతకడం ఆయన బాధ్యత అయింది.

ఆ లెక్కన రేవులో వల వేయకపోవడం అభయంలో మొదటి మెట్టు మాత్రమే. గుడ్లు పెట్టడానికి మహసీర్ వానాకాలంలో ఏటికి ఎదురీదుతుంది. ఆ దారి, అక్కడి గులకరాళ్ల అడుగు, పరాయి చేపలు కలవని ప్రవాహం కూడా అభయంలోకి వస్తాయి.