ఆటలో చంపితే పాపమా?



బలవంతుడు కావాలని, ఎవరూ చేయలేనిది తానొక్కడే చేసి చూపాలని కోరుకోవడం మనిషికి పుట్టుకతో వచ్చిన కోరిక. మన పల్లె పిల్లలు భీముని కథ విన్నా, సత్యోపదేశం తరగతిలో సంసోను కథ విన్నా కళ్ళు పెద్దవి చేసుకునే వింటారు. 1957లో వచ్చిన 'మాయాబజార్' చిత్రంలో ఘటోత్కచుని చూసి మన తాతలు చప్పట్లు కొట్టారు. 1997లో దూరదర్శన్‌లో 'శక్తిమాన్' మొదలైనప్పుడు, ఇప్పుడు తండ్రులైన వారెందరో వాకిట్లో చెయ్యెత్తి గిరగిరా తిరిగారు. ఆ కోరికలో తప్పు లేదు. దానిని ఎవరు, ఎటువైపు నడిపిస్తున్నారన్నదే మనం చూసుకోవలసిన విషయం.

ఇదివరకు పిల్లలు ఆ కథలను విని, చూసి ఊరుకునేవారు. ఇప్పుడు కథలోకి పిల్లవాడే దిగుతున్నాడు. 'ఓపెన్ వరల్డ్' అని పిలిచే వీడియో గేములలో కంప్యూటరు ఒక నగరాన్ని మొత్తంగా తయారుచేసి ఆడేవాని చేతిలో పెడుతుంది. వీధులు, వంతెనలు, కార్లు, తమ పని మీద తాము నడిచిపోయే జనం, అన్నీ అందులో ఉంటాయి. ఎటు పోవాలన్నా, ఎవరిని కొట్టాలన్నా ఆడేవాని ఇష్టం. 2002లో వచ్చిన 'జీటీఏ వైస్ సిటీ' అనే ఆట ఒకప్పుడు నెట్ సెంటర్లలో మన యువకులను గంటలకొద్దీ కూర్చోబెట్టింది. అదే దారిలో నడిచి, దానికి అద్భుత శక్తులను కూడా జోడించి, అతిశయోక్తికి హద్దు లేకుండా చేసిన ఆట 'సెయింట్స్ రో 4'.

అమెరికాలోని వొలిషన్ అనే సంస్థ తయారుచేసిన ఈ ఆట 2013 ఆగస్టులో విడుదలైంది. పేరులో 'సెయింట్స్' అని ఉన్నంత మాత్రాన మన పునీతులనుకోకండి. అది ఒక వీధి రౌడీల ముఠా పేరు. 2006లో వచ్చిన మొదటి ఆటలో ఆ ముఠా స్థావరం పాడుబడిన ఒక చర్చి! నాల్గవ ఆటకు వచ్చేసరికి ఆ ముఠా నాయకుడు ఏకంగా అమెరికా అధ్యక్షుడవుతాడు. గ్రహాంతరవాసులు దండెత్తి వచ్చి అతన్ని పట్టుకుని, కంప్యూటరు సృష్టించిన ఒక బూటకపు నగరంలో బంధిస్తారు. అక్కడ అతనికి శక్తులు అబ్బుతాయి. కారు కంటే వేగంగా పరుగెత్తుతాడు. మేడల మీదుగా దూకుతాడు. చేతితో తాకకుండానే మనుషులనూ వాహనాలనూ ఎత్తి విసురుతాడు. కథలో భూగోళమే పేలిపోతుంది, కోట్లాది మంది పోతారు, అయినా ఆట నవ్వుతూ తుళ్ళుతూ సాగిపోతుంది. అమెరికాలో దీనిని పదిహేడేళ్ళు నిండినవారికే తగినదన్నారు. ఆస్ట్రేలియా వర్గీకరణ మండలి 2013 జూన్‌లో మొదట అనుమతి నిరాకరించి, మార్పులు చేసిన తర్వాతే అంగీకరించింది. దానిని తయారుచేసిన సంస్థ 2023లో మూతపడింది. ఆట మాత్రం బతికే ఉంది.

ఇంత దూరపు సంగతి న్యాల్‌కల్‌లో మనకెందుకని అడుగుతారేమో! బీదరు సరిహద్దున చెరకు, జొన్న, అల్లం పండించుకునే ఈ పల్లెలకు దూరం అనేది ఇప్పుడు లేదు. 2020లో కరోనా వల్ల బడులు మూతపడి పాఠాలు టీవీలోకి, ఫోనులోకి వచ్చినప్పుడు, కూలి డబ్బు కూడబెట్టి కొన్న ఫోను పిల్లల చేతికి చేరింది. తర్వాత బడులు తెరిచారు గాని, చాలా ఇళ్ళలో ఫోను మాత్రం వెనక్కి రాలేదు. హైదరాబాదులో చదివే అన్న సెలవులకు లాప్‌టాప్ తెస్తే చుట్టూ పదిమంది తమ్ముళ్ళు మూగుతారు. అసలు ఆట దొరకనిచోట దాన్ని పోలిన ఫోను ఆటలున్నాయి, ఇంకెవరో ఆడుతుండగా తీసిన వీడియోలున్నాయి. ఒక ఆదివారం సత్యోపదేశం తరగతిలో ఐదవ ఆజ్ఞను వివరిస్తుండగా ఒక బాలుడు లేచి, "ఫాదర్, ఆటలో మనిషిని చంపితే పాపసంకీర్తనంలో చెప్పాలా?" అని అడిగాడు. మిగతా పిల్లలు నవ్వారు. వాడు నవ్వలేదు. అది నవ్వి తోసివేయదగిన ప్రశ్న కాదు.

దీనికి రెండు సులువైన జవాబులున్నాయి. "చంపడమంటే చంపడమే, అది పాపమే" అనేది ఒకటి. "అవి ఉత్త బొమ్మలు, అందులో ఏముంది?" అనేది రెండవది. మొదటి జవాబు న్యాయానికి నిలవదు. తెర మీద పడిపోయినవానికి ప్రాణం లేదు, తల్లి లేదు, ఆత్మ లేదు. కనుక ఐదవ ఆజ్ఞ నిషేధించిన హత్య అక్కడ జరగలేదు. లేని పాపాన్ని పిల్లవాని మనస్సాక్షి మీద మోపే హక్కు గురువుకు గాని తల్లిదండ్రులకు గాని లేదు. రెండవ జవాబులో మాత్రం ఒక లోపముంది. అది తెర మీద ఉన్న బొమ్మను చూస్తుంది గాని, తెర ముందు కూర్చున్న మనిషిని చూడదు. బొమ్మకు ప్రాణం లేకపోవచ్చు. ఆడేవానికి ఉంది కదా!

ముందుగా ఒక మాట స్పష్టం చేయాలి. తిరుసభ ఆటకు శత్రువు కాదు. 13వ శతాబ్దపు మహా వేదాంతి పునీత తోమాసు అక్వీనాసు, శరీరానికి నిద్ర ఎలాంటిదో మనసుకు ఆట అలాంటిదని బోధించారు. దీనికి ఆయన ఒక పాత ముచ్చట చెబుతారు. అపోస్తలుడైన పునీత యోహాను తన శిష్యులతో ఆడుకుంటుంటే చూసి కొందరు తప్పుపట్టారట. యోహాను వారిలో విల్లు పట్టుకున్నవాణ్ణి పిలిచి, ఆపకుండా బాణాలు వేస్తూనే ఉండగలవా అని అడిగారట. అలా వేస్తే విల్లు విరిగిపోతుందన్నాడు అతడు. మనసు కూడా అంతేనన్నారు యోహాను. నవ్వడం, ఆడడం బొత్తిగా తెలియనివాడు కూడా తప్పు చేస్తున్నాడని అక్వీనాసు అంటారు. అయితే ఆటకు ఆయన మూడు హద్దులు పెట్టారు: సంతోషాన్ని నీచమైన, హానికరమైన పనుల్లో వెతుక్కోకూడదు; మనసు తన అదుపు తాను తప్పకూడదు; మనిషికీ, సమయానికీ, స్థలానికీ తగినదై ఉండాలి. ఏడు వందల ఏళ్ళు దాటినా ఈ మూడు హద్దులు నేటి ఫోనుకు చక్కగా సరిపోతాయి.

ఇక అసలు ప్రశ్నకు వద్దాం. శక్తి ఉండి, జవాబు చెప్పుకోవలసిన పని లేకపోతే మనిషి ఏం చేస్తాడు? ఈ ప్రశ్న కంప్యూటరుతో పుట్టలేదు. క్రీస్తుకు పూర్వం నాల్గవ శతాబ్దంలో గ్రీకు తత్వవేత్త ప్లేటో తన 'రిపబ్లిక్' గ్రంథంలో గైజీసు అనే గొర్రెల కాపరి కథ చెప్పాడు. అతనికి ఒక ఉంగరం దొరుకుతుంది. దానిని తిప్పితే ఎవరికీ కనబడడు. ఆ బలంతో అతడు రాణిని లోబరచుకుని, రాజును చంపి సింహాసనమెక్కుతాడు. అలాంటి ఉంగరం మంచివానికీ చెడ్డవానికీ చెరొకటి ఇస్తే ఇద్దరిలో తేడా మిగులుతుందా అని ఆ గ్రంథంలో సోక్రటీసును అడుగుతారు. సోక్రటీసు జవాబు సారాంశం ఇది: అన్యాయానికి బయట శిక్ష పడకపోయినా, అది చేసినవాని ఆత్మ లోపలినుంచి రోగిష్టి అవుతుంది. 'సెయింట్స్ రో 4' ఆ ఉంగరాన్ని పిల్లవాని వేలికి తొడుగుతుంది. పైగా ఆ నగరమే బూటకమని, అక్కడి జనం మనుషులే కారని కథే ముందుగా ఒక సాకు అందిస్తుంది. ఆ సాకు ఆట వరకే ఆగితే మంచిదే. మన చరిత్రలో బలవంతులు బలహీనులను తొక్కిన ప్రతిసారీ, ముందుగా అన్న మాట అదే: వాళ్ళు మనుషులే కారు.

పునీత అగుస్తీను తన ఆత్మకథలో అలీపియుసు అనే మిత్రుని సంగతి రాశారు. రోములో చదువుకుంటున్న ఆ యువకునికి కత్తి యోధులు చంపుకునే వినోదాలంటే అసహ్యం. స్నేహితులు బలవంతంగా లాక్కుపోతే, కళ్ళు మూసుకుని కూర్చుంటానన్నాడు. కూర్చున్నాడు కూడా. కాని జనం ఒక్కసారిగా కేక వేసేసరికి కళ్ళు తెరిచాడు. అంతే, ఆ నెత్తుటిని కళ్ళతో తాగాడు. తర్వాత తానే ఇతరులను వెంటబెట్టుకుని పోయేవాడయ్యాడు. అక్కడ కారింది నిజమైన నెత్తురు, తెర మీద కారేది రంగు. ఈ తేడా చిన్నదేమీ కాదు. కాని అగుస్తీను మనకు చూపించింది చూసేవాని హృదయాన్ని. దేనిని పదేపదే చూసి ఆనందిస్తామో దాని వైపే మనసు వంగుతుంది. ఆ తర్వాత అలీపియుసు దేవుని దయవల్ల మారి, మేత్రాణులయ్యారన్నది కూడా మరువకండి. వంగిన మనసు తిరిగి నిటారు కాగలదు.

మన పిల్లలు ఆడే చిర్రగోనెను గుర్తు తెచ్చుకోండి. చిర్ర ఎగిరి ఎవరి నుదుటికో తగిలి నెత్తురు వస్తే, ఎంత రసవత్తరంగా ఉన్నా ఆట ఆగిపోతుంది. గెలుస్తున్నవాడు కూడా గోనె పారేసి పరుగెత్తుకొస్తాడు. ఒకడు పసుపు కోసం, ఒకడు నీళ్ళ కోసం ఉరుకుతాడు. కబడ్డీలో ఊపిరి అందకపోతే వెనక్కి రావాలి, ఔట్ అయితే కూర్చోవాలి. ఆ ఆటల్లో ఎదుటివాడు ఉన్నాడు. వాడికి నొప్పి ఉంది, కోపం ఉంది, రేపు మళ్ళీ వాడితోనే ఆడాలి. తెర మీది నగరంలో జనం వేలాదిగా ఉన్నా ఎదుటివాడు ఒక్కడూ లేడు. అక్కడ ఎవరి గాయానికీ ఆట ఆగదు. దారిలో నడిచే మనిషి అక్కడ ఒక అడ్డం మాత్రమే. "బిడ్డా, జర ఈ బిందె ఎత్తు" అని అవ్వ పిలిచినప్పుడు, తల ఎత్తకుండా "ఆగు అవ్వా" అని కసిరే పిల్లవానికి అవ్వ కూడా ఒక అడ్డంగానే కనబడుతోందా? ఆలోచించండి. పాపసంకీర్తనంలో చెప్పవలసినది బహుశా అక్కడ ఉంటుంది, తెర మీద కాదు.

కొన్ని ఆటల్లో మంచిచెడులు ఎంచుకోవచ్చు కదా అంటారు చదువుకున్న యువకులు. నిజమే. 2009లో వచ్చిన 'ఇన్‌ఫేమస్' అనే ఆటలో విద్యుత్ శక్తి పొందిన కథానాయకుడు మంచివాడుగానో చెడ్డవాడుగానో మారవచ్చు. మంచివాడైతే అతని మెరుపులు నీలంగా, చెడ్డవాడైతే ఎర్రగా ఉంటాయి. మనస్సాక్షి అనేది ఒకటుందని ఆట తయారుచేసినవారు కూడా గుర్తించారు, సంతోషం. 'సెయింట్స్ రో 4'లో సైతం నాయకుడు తన మిత్రులను ఒక్కొక్కరినీ విడిపించడానికి పోరాడతాడు. స్నేహధర్మం అక్కడా ఉంది. కాని ఒకసారి నీలం, ఒకసారి ఎరుపు చూద్దామనుకుంటే మంచితనం చొక్కా మార్చుకున్నంత తేలికవుతుంది. మన జీవితంలో ఆడిన మాట, చేసిన గాయం బటన్ నొక్కితే తుడిచిపోవు. వాటికి పశ్చాత్తాపం కావాలి, క్షమాపణ కావాలి, నష్టం సరిచేయడం కావాలి.

ఇప్పుడు మత్తయి సువిశేషం నాల్గవ అధ్యాయం తెరవండి. ఎడారిలో నలభై దినాలు ఉపవాసమున్న ప్రభువు ముందు సైతాను పెట్టిన మూడు శోధనలు ఏమిటి? రాళ్ళను రొట్టెలు చేసుకో. దేవాలయ శిఖరం నుంచి దూకు, దెబ్బ తగలదు. లోకంలోని రాజ్యాలన్నీ నీవే. మూడూ అద్భుత శక్తికి సంబంధించినవే! ఆ శక్తి ప్రభువుకు లేదని కాదు. తన ఆకలి కోసం, తన గొప్ప కోసం, తన పెత్తనం కోసం దానిని వాడనన్నారు. అదే ప్రభువు ఐదువేల మంది ఆకలి చూసి రొట్టెలు పంచారు. తుఫానులో శిష్యులు భయపడితే నీటి మీద నడిచి వెళ్ళారు. సిలువ మీద ఉన్నప్పుడు దిగిరమ్మని ఎగతాళి చేస్తే దిగలేదు. మన పెద్దలు 'భస్మాసుర హస్తం' అని ఊరకే అనలేదు. తన కోసమే వాడుకున్న శక్తి చివరకు తన నెత్తినే చెయ్యి పెడుతుంది.

తల్లిదండ్రులారా, ఫోను పగలగొట్టమని నేననను. పగలగొట్టిన ఫోను పక్కింట్లో దొరుకుతుంది. ముందుగా పిల్లవాని పక్కన కూర్చుని వాడు ఆడేది ఒక్కసారి చూడండి. ఏ వయసువారికి తగినదో ఆట మీదనే రాసి ఉంటుంది, చదవండి. చదవడం రాకపోతే పెద్ద పిల్లలతో చదివించండి. హింసనూ, లైంగికత పట్ల చులకననూ గొప్పచేసే వీడియో గేములను పోపు పదహారవ బెనెడిక్టు 2007లో ప్రపంచ ప్రసార మాధ్యమ దినోత్సవ సందేశంలో గట్టిగా ఖండించారు. అటువంటివి ఇంట్లో వద్దని చెప్పడానికి వెనుకాడకండి. అయితే వద్దన్నచోట ఖాళీ మిగల్చకండి. తండ్రి కూడా సాయంత్రం తన ఫోను పక్కన పెట్టాలి. జపమాల వేళకు ఇంట్లోని ఫోన్లన్నీ ఒకే గూట్లో ఉండాలి. 2025 సెప్టెంబరు 7న పునీతుడుగా ప్రకటితుడైన కార్లో అకుతిస్ కంప్యూటరు బాగా తెలిసిన బాలుడు, వీడియో గేములంటే ఇష్టమున్నవాడు. అయినా వారానికి ఒక గంటకు మించి ఆడకూడదని తనకు తానే నియమం పెట్టుకున్నాడు. పదిహేనేళ్ళకే కన్నుమూసిన ఆ పిల్లవాడు మన పిల్లలకు మంచి తోడు.

చివరగా ఒక్క మాట. యోహాను సువిశేషం పదమూడవ అధ్యాయంలో, తండ్రి సమస్తాన్నీ తన చేతికి అప్పగించాడని యేసు ఎరిగి ఉన్నారని ఉంది. సమస్త శక్తీ చేతిలో ఉందని తెలిసిన ఆ క్షణంలో ఆయన ఏం చేశారు? లేచి, నడుముకు తువ్వాలు చుట్టుకుని, పళ్ళెంలో నీళ్ళు పోసి శిష్యుల పాదాలు కడిగారు. మన పిల్లలకు ఎంత బలం కావాలో అంత బలం కావాలని కోరుకుందాం. ఆ బలంతో ముందుగా అవ్వ బిందె ఎత్తడం నేర్పుదాం.