చదువుట, గ్రహించుట, చేయుట

దినమునకొక అధ్యాయము ముగించుట వాక్యధ్యానమగునా?

అంచెట్టిలో మేము తెలుగు బైబిలు తెరచెదము, మా మనుమలు తమిళ బైబిలు తెరచెదరు. 2006 చట్టముతో తమిళనాడు బడులలో తమిళము తప్పనిసరియాయెను. మా పిల్లలలో అనేకులకు తెలుగు అక్షరములు రావు. మొదట దుఃఖపడితిమి. ఇప్పుడు రెండు గ్రంథములను ప్రక్కప్రక్కన పెట్టుకొని లూకా 10:25-37 మూడు మారులు నిదానముగా చదివెదము. మాటలో తేడా కనబడినచోట ఆగి, ఒకరినొకరము అడిగెదము. పిమ్మట గ్రంథము మూసి, ఆ భాగమును సొంత మాటలలో నోటుబుక్కులో వ్రాసెదము. చూడక వ్రాయలేనిది మనకింకను తెలియనిదే.

అయినను తెలియుట చాలునా? ఆ ధర్మశాస్త్రోపదేశకుడు సరిగానే జవాబు చెప్పెను; చేయుటయే మిగిలెను. కాబట్టి పేజీ చివర ఒక పొరుగువాని పేరు, ఈ వారము అతనికి చేయవలసిన ఒక పని వ్రాసికొందము. ఆ చోటు ఖాళీగా ఉన్నంతవరకు మన చదువు ముగియలేదు. ప్రభువు మనకు సహాయము చేయును గాక.