అప్పు ఎవరిది?

సూక్ష్మరుణంపై జరిగే నైతిక చర్చ చాలావరకు వడ్డీ రేటు చుట్టూనే తిరుగుతుంది. అంతకన్నా చిక్కు ప్రశ్న మరొకటి ఉంది. ఇడ్లీబండికో చీరల వ్యాపారానికో ఒక మహిళ పేరున తీసుకున్న అప్పు అసలు ఎవరిది?

వడ్డీ విషయంలో మతాలది ఒకే మాట కాదు. ఖురాన్ దాన్ని నిషేధించింది; తీర్చలేని స్థితిలో ఉన్నవారికి వెసులుబాటు కలిగేదాకా గడువివ్వమంది. పాకిస్తాన్‌లో 2001లో మొదలైన అఖువత్ సంస్థ వడ్డీలేని చిన్న అప్పులిస్తున్నది ఈ ధర్మాన్ని నమ్ముకునే. హిందూ ధర్మశాస్త్రాలు వడ్డీని ఒప్పుకున్నా, డబ్బు అప్పు మీద అది అసలును మించరాదని కట్టడి చేశాయి. అప్పు ఎవరిదన్న ప్రశ్నకు సూటిగా జవాబిచ్చేది మాత్రం యాజ్ఞవల్క్య స్మృతి. భార్య చేసిన అప్పు తీర్చే పూచీ మామూలుగా భర్తకు లేదు. పశువుల కాపరులు, మద్యం అమ్మేవారు, నటులు, బట్టలుతికేవారు, వేటగాళ్ల ఇళ్లలో మాత్రం భర్తే తీర్చాలి. ఎందుకంటే ఆ ఇళ్లు గడిచేది ఆడవాళ్ల మీదే. స్త్రీల గురించి స్మృతులు చెప్పిన చాలా మాటలు నేడు చెల్లవు గానీ, ఈ తర్కం చెల్లుతుంది.

నేటి సూక్ష్మరుణానికి వస్తే, బంగ్లాదేశ్‌లో ఆర్థికవేత్త ముహమ్మద్ యూనస్ 1976లో మొదలుపెట్టిన చిన్న అప్పుల ప్రయోగం గ్రామీణ బ్యాంకుగా ఎదిగింది. అక్కడ తాకట్టు లేదు. దాని స్థానంలో అప్పు తీసుకున్న మహిళల గ్రూపు ఉంది. ఒకరు కిస్తీ కట్టకపోతే మిగతావారిపై ఒత్తిడి పడే ఈ పద్ధతిలో, వసూలు చేసే పని ఇరుగుపొరుగు ఆడవాళ్లదే అవుతుంది. పరువే తాకట్టు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ప్రైవేటు సూక్ష్మరుణ కంపెనీలు పోటీపడి అప్పులిచ్చాక, అప్పు తీసుకున్నవారి ఆత్మహత్యల వార్తల నడుమ, 2010 అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది. దాని వెంట వచ్చిన చట్టం వడ్డీ అసలును మించరాదంది. స్మృతుల నాటి కట్టడే అది!

జీవనోపాధి మాటకొస్తే ఫలితాలు అంతంతమాత్రమే. హైదరాబాద్‌లోని 104 బస్తీల్లో ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లోల బృందం చేసిన అధ్యయనంలో, అప్పటికే వ్యాపారం ఉన్నవారు దాన్ని కొంత పెంచుకోగలిగారు. సగటు కుటుంబ వినియోగం చెప్పుకోదగినంత పెరగలేదు, ఇంటి నిర్ణయాల్లో స్త్రీల మాటకు బలమూ రాలేదు. కోల్‌కతాలో జరిగిన వేరే అధ్యయనంలో తొలి కిస్తీకి రెండు నెలల గడువిచ్చి చూస్తే లాభాలు పెరిగాయి, ఎగవేతలూ పెరిగాయి. గడువివ్వడం ధర్మమే, కానీ దానికయ్యే ఖర్చును ఎవరో ఒకరు భరించాలి. భారత్, శ్రీలంక, ఘనాల సమాచారాన్ని పరిశీలించిన మరో అధ్యయనం ఇంకో సంగతి తేల్చింది: మహిళ తెచ్చిన సొమ్ము తరచూ భర్త వ్యాపారంలోకి వెళుతోంది.

రిజర్వు బ్యాంకు 2022 నిబంధనల ప్రకారం కిస్తీలన్నీ కలిపి కుటుంబ నెలసరి ఆదాయంలో సగం మించకూడదు. ఆదాయాన్ని లెక్కించేటప్పుడు ఇల్లంతా ఒకటే. వాయిదా తప్పినప్పుడు గ్రూపు నిలదీసేది మాత్రం ఆమె ఒక్కదాన్నే. ఇది అన్యాయమైన పంపకం.