సర్దుకుపోవడమంటే తగ్గడమేనా?

“కాస్త సర్దుకుపోమ్మా!” ఈ మాట వినకుండా పెరిగిన ఆడపిల్ల మన కృష్ణాతీరంలో ఎక్కడన్నా ఉంటే చెప్పండి, చూసొస్తాను. పుట్టింట్లో అమ్మ, అత్తింట్లో అత్తగారు, మధ్యలో పెళ్ళిళ్ళ పేరయ్య, అందరిదీ అదే పాట. సర్దుకోవడమంటే తగ్గడమని ఎవరూ విడమరిచి చెప్పరు. మనకే అర్థమైపోతుంది.

ఈ విద్య ఇప్పుడు కార్లూ నేర్చుకున్నాయి. ఖరీదైన కరెంటు కార్లు కొన్నింటికి ఇనుప స్ప్రింగుల బదులు గాలితిత్తులుంటాయి. గాలి నింపితే కారు లేస్తుంది, వదిలితే దిగుతుంది. ఏలూరు హైవే మీద వేగం అందుకున్నప్పుడు కిందికి దిగుతుంది. ఎదురుగాలి తాకిడి తగ్గి, ఉన్న చార్జింగుతోనే మరికాస్త దూరం పోతుంది. అదే కారును కరకట్ట మీంచి పల్లెదారిలోకి దిగేటప్పుడు, గుంటలొస్తే పైకి లేపుకోవచ్చు.

చూశారా, అది తగ్గేది తన లాభానికి. గుంట ముందు మాత్రం లేస్తుంది! దాని ప్రాణమంతా, అంటే బ్యాటరీ, అడుగునే ఉంటుంది మరి. 2013లో అమెరికాలో రెండు టెస్లా మోడల్ ఎస్ కార్లకు, రోడ్డు మీది ఇనుప ముక్కలు అడుగున తగిలి మంటలంటుకున్నాయి. తర్వాత కంపెనీ ఆ కార్లు హైవే మీద మరీ కిందికి దిగకుండా ఎత్తు పెంచింది.

ఇంకో చిత్రం. వెనక ముగ్గురెక్కి, డిక్కీలో బియ్యం బస్తా వేస్తే మామూలు కారు కుంగుతుంది. ఇది మాత్రం బరువు పడిందని గ్రహించి, మరికాస్త గాలి నింపుకుని తన మట్టానికి తాను వస్తుంది. మనిళ్ళల్లో? ఇంటెడు బరువూ మీద పడి కుంగిన మనిషికి ఊపిరి పోసేదెవరు? ఇంకా సర్దుకోమంటారు!

ఒకసారి లేపిన చోటును గుర్తుంచుకుని, మళ్ళీ అక్కడికి రాగానే తనంతట తానే లేచే కార్లూ ఉన్నాయి. దెబ్బ తగిలే చోటు గుర్తుంచుకోవడం పగ కాదు, జాగ్రత్త.

అలాగని ఎప్పుడూ ఎత్తులోనే ఉంటానన్నా కుదరదు. ఆ ఎత్తున వేగంగా పోతే నిలకడ తప్పుతుంది. అన్ని ఆపదలకూ ఆ ఎత్తు చాలదు కూడా. 2024 సెప్టెంబరులో బుడమేరు సింగ్‌నగర్‌ను ముంచినప్పుడు, ఈ రెండంగుళాలు ఏ మూలకి? కొన్ని నీళ్ళల్లోకి దిగకపోవడమే వివేకం.

తగ్గడం తప్పు కాదండీ. ఆ మీట ఎవరి చేతిలో ఉందన్నదే ప్రశ్న. రేపు మీ అమ్మాయిని సర్దుకోమనేముందు, కిందికా పైకా అన్నది కూడా చెప్పండి.